స్వామిని అప్పజెప్పిన రసీదు

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం మా ఇంట్లో భజన గోష్ఠి ముగిసింది. తీర్థం పంచాం, హార్మోనియం పెట్టెలో పెట్టాం, చాపలు చుడుతున్నాం. అందరూ వెళ్లిపోయినా లావణ్య మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. విజయనగరంలో మేముంటున్న వీధికి రెండు వీధుల అవతల ఉంటుంది ఆ అమ్మాయి. ఈ మధ్యనే కొత్త ఇంట్లో పాలు పొంగించుకున్నారు. గొంతు బాగుంటుంది, తాళం తప్పదు, నేను పాసురం చెబితే నా వెనకే అందుకుంటుంది. ఆ రోజు ఆమె చేతిలో చెప్పులు కొన్న అట్టపెట్టె ఉంది. మూతకు చిన్న చిన్న చిల్లులు పొడిచి ఉన్నాయి. "పెద్దమ్మా, దీన్ని ఒక్కసారి స్వామి పాదాల దగ్గర పెట్టి ఇస్తారా?" అంది. మూత తీస్తే లోపల క్యాబేజీ ఆకు మీద చంటిపిల్ల అరచేయంత నక్షత్ర తాబేలు. నల్లటి డిప్ప మీద ఒక్కొక్క బుడిపె నుంచి పసుపు గీతలు కిరణాల్లా విచ్చుకుని ఉన్నాయి. తల లోపలికి లాక్కుని ఉంది. "విశాఖలో ఎవరో అమ్ముతున్నారని ఫోనులో చూసి ఆయన తెప్పించారు పెద్దమ్మా. ఇంట్లో ఉంటే కలిసొస్తుందట."

"దీన్ని ఇంట్లో ఉంచుకోకూడదమ్మా. నేరం" అన్నాను. లావణ్య నమ్మలేదు. "పులినా ఏమన్నానా పెద్దమ్మా? ఎవరినీ కరవదు. మేమేమీ బాధ పెట్టడం లేదు. రోజూ బకెట్ నీళ్లలో స్నానం చేయించి, బొట్టు పెట్టి, ప్రసాదం పెట్టి పూజ చేస్తున్నాం" అంది. కేసు అంటే పడని భయం నాకు ఆ బకెట్ మాటకు పడింది. పెట్టె ఎత్తి పొడిగా ఉన్న చాప మీద పెట్టాను. లోపలి గదిలోకి వెళ్లి, నాన్న కీర్తనలు రాసుకున్న పాత నోటుపుస్తకం తీసి, దాని అట్టలో దాచిన కాగితం బయటికి లాగాను. నాలుగు మడతల కాగితం, మడతల దగ్గర చిరిగింది. గుండ్రటి సర్కారు ముద్ర, నీలిసిరా అక్షరాలు. 'నక్షత్ర తాబేలు, ఒకటి, సజీవం.' కింద ఊదారంగులో ఒక వేలిముద్ర. అది మా మామ్మది. నాన్నను కన్న తల్లి. ఆ వేలిముద్ర వేయడానికి ఆమె ఎంత దూరం రావలసి వచ్చిందో లావణ్యకు ఆ సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాను. ఇక్కడ రాస్తున్నది కూడా అదే.

మా ఊరు నరసన్నపేటకు నాలుగు మైళ్లు లోపలికి. పల్లంలో వరి, మెట్టలో గోగు, పెసలు, గట్ల అవతల జీడిమామిడి తుప్పలు. గోగుకట్టలు చెరువులో ఊరేసిన రోజుల్లో ఊరంతా ఒకటే వాసన. బయటి ఊరి చుట్టాలు ముక్కు మూసుకునేవారు, మాకు మాత్రం ఆ వాసన వస్తేనే పండగలు దగ్గరపడ్డట్టు. మా ఇంట్లో ఆ వాసనను దాటి మరొకటి ఉండేది. తెల్లారకముందే నాన్న లేచి నూతి దగ్గర స్నానం చేసి, నామాల తెల్లమట్టి తిరుమణి అరగదీసి, పన్నెండు నామాలు పెట్టుకునేవాడు. తడి తిరుమణి, పచ్చకర్పూరం, తులసి, పక్కనే పొయ్యి మీద కాగుతున్న పాలు, ఇవన్నీ కలిసిన వాసన అది. ఇప్పటికీ ఎక్కడైనా పచ్చకర్పూరం పొట్లం విప్పితే నేను మళ్లీ పన్నెండేళ్ల దాన్నయి నూతిగట్టు మీద నిలబడతాను. నాన్న వ్యవసాయం చేసే మనిషే అయినా గురువుగారి దగ్గర భుజాల మీద శంఖచక్రాల ముద్రలు వేయించుకుని సమాశ్రయణం పొందాడు. ఊళ్లో అందరూ 'బజన దాసు' అనేవారు. ప్రతి శనివారం గోష్ఠి మా ఇంటి నడవలోనే. నేను పలక మీద అక్షరాలు దిద్దకముందే దశావతారాల వరస నేర్చుకున్నాను. ఏ అవతారం ఎందుకు వచ్చిందో చెప్పకపోతే నాన్న ప్రసాదం పెట్టేవాడు కాదు. ఆ నేర్పు నాకు తిండి పెట్టింది, కష్టంలో నిలబెట్టింది. ఆయన ఇచ్చిన దానికి నేను రోజూ దండం పెట్టుకుంటాను.

మామ్మ భక్తి వేరు. ఆమెకు చదువు లేదు. చేలో పని, పశువుల పని, మధ్యలో దేవుడితో మాటలు. దేవుడితో ఆమె మాట్లాడితే గోడవతల ఎవరో ఉన్నారేమో అనిపించేది. ఒక్క చుట్ట అలవాటు మాత్రం ఉండేది. మా వైపు ఆడవాళ్లు కాల్చినట్టే అడ్డపొగ కాల్చేది, నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని. నాలిక కాలదా అని అడిగితే, "నీ నోరైతే కాల్తాదే, అబద్దాలాడతావు గదా" అనేది. అయితే చుట్ట ముట్టించే ముందు పశువులపాక వెనక్కి వెళ్లేది. "ఇక్కడే కాల్సుకోరాదా" అని అమ్మ అంటే, "సామి సూస్తాడే" అని గూటి వైపు చూపించేది. ఆ గూట్లో ఉండేది మా స్వామి, నక్షత్ర తాబేలు.

ఆ స్వామి మా ఇంటికి వచ్చిన కథ నేను మామ్మ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేను ఐదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు నాన్నకు సన్నిపాత జ్వరం వచ్చింది. మూడు వారాలు మంచం దిగలేదు. మనిషిని గుర్తుపట్టడం కూడా మానేశాడట. ఆ రోజు మామ్మ గోగాకు కోయడానికి చేలోకి వెళ్లి, గట్టు మీద కూలబడి, "ఓ సామీ, నా ఒక్కగానొక్క కొడుకుని ఒగ్గీ" అని ఏడ్చిందట. తల ఎత్తేసరికి జీడి తుప్పల్లోంచి తాబేలు ఒకటి నడిచి వచ్చి ఆమె కాలి దగ్గర ఆగిందట. శ్రీకూర్మం మాకు దూరం కాదు. ఏటా వెళ్లి కూర్మనాథుణ్ని చూసి వచ్చే మనిషికి ఆ రూపం ఎవరిదో ఇంకొకరు చెప్పాలా? కొంగులో పెట్టుకుని ఇంటికి వచ్చింది. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే నాన్న కళ్లు తెరిచి గంజి అడిగాడు. అంతే. తాబేలు ఇంట్లో ఉన్నన్నాళ్లూ కొడుకు ఉంటాడు, తాబేలు గడప దాటితే కొడుకు దాటిపోతాడు. మామ్మ మనసులో ఆ రెండూ ఒకే ముడి పడిపోయాయి. ఆ ముడి విప్పమని ఎవరూ ఆమెను అడగలేదు. మేమందరం దాన్ని కళ్లకద్దుకున్నాం.

ఏడేళ్లు స్వామి మా ఇంట్లో ఉన్నాడు. గచ్చు చేసిన గూడు, కింద పాత పట్టుచీర ముక్క. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడని మామ్మ రోజూ తాబేలును కూడా పడమటికి తిప్పి పెట్టేది. అది కాసేపటికి ఇంకో వైపు తిరిగితే, "ఏటి సామీ, నీ గుడి ఎటుందో మర్సిపోనావా" అని మళ్లీ తిప్పేది. తెల్లారి నీళ్లతో, శనివారం పాలతో అభిషేకం. ఆరగింపుకు ఇంట్లో దేవుడికి ఏది పెడితే అదే. దద్ధోజనం, చక్కెర పొంగలి, అరటిపండు. తినిపించే పని నాది. పొంగలి ముద్ద చేసి పెదవుల దగ్గర పెడితే నోరు తెరిచి అందుకునేది. మొదట్లో నడవ అంతా టకటకా తిరిగేదని అమ్మ చెప్పేది. నాకు ఊహ వచ్చేసరికి ఎక్కువగా కూర్చునే ఉండేది. "సామి దేనం సేసుకుంతన్నాడు" అనేది మామ్మ. ఇంద్రియాలను లోపలికి తీసుకున్న జ్ఞానిని పెద్దలు తాబేలుతో పోలుస్తారు కదా, నాన్నకు కూడా ఆ మాట సబబుగానే తోచింది. డిప్ప మీది బుడిపెలు ఏటికేడు గోపురాల్లా పైకి లేస్తుంటే గోష్ఠిలో అందరూ ముచ్చటపడ్డారు. స్వామి ఒంటి మీద గుళ్లు లేస్తున్నాయన్నారు. రోగాన్ని మహిమ అనుకున్నాం.

ఆ ఏడు కూర్మజయంతి శనివారం పడింది. మామ్మకు ఒక ఆలోచన వచ్చింది. పెద్ద ఇత్తడి గంగాళం నడవలో పెట్టి, నీళ్లు నింపి, చెంబుడు పాలు పోసింది. అదే పాలసముద్రం. అడుగున స్వామిని ఉంచింది. ఆయన వీపు మీద మజ్జిగ కవ్వం నిలబెట్టింది. అదే మందర పర్వతం. కవ్వానికి మెత్తటి తువ్వాలు చుట్టి రెండు కొసలూ రెండు జట్లకు ఇచ్చింది. పిల్లల్లో సగం మంది దేవతలు, సగం మంది రాక్షసులు. "నాను రాచ్చసిని కాను" అని నేను పేచీ పెడితే, "నువ్వు కాకపోతే ఇంకెవులే, ముక్కు సూడు" అని మామ్మ నన్ను అటే నిలబెట్టింది. నాన్న కళ్లు మూసుకుని కీర్తన ఎత్తుకున్నాడు. చిడతలు మోగాయి. మేము లాగాం, వాళ్లు లాగారు. పాలనీళ్లు నడవంతా చిందాయి. ఆనందంలో ఎవరి కళ్లలో చూసినా నీళ్లే. తాబేలుకు నీళ్లు కొత్తా? పాలసముద్రం అడుగున కొండను మోసింది ఆయనే కదా. ఒక్కరికి, ఒక్కరికి కూడా అనుమానం రాలేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించేది అదే. దేవుడి కథ మాకు అంత బాగా తెలుసు, ఎదురుగా ఉన్న జీవి గురించి ఒక్క ముక్కా తెలియదు.

కీర్తన అయ్యాక నాన్న చేయి పెట్టి పైకి తీశాడు. తల వేలాడింది. కాళ్లు వేలాడాయి. ముక్కు దగ్గర బుడగలు. "అమ్మా, సామి కదలటం నేదు" అన్నాడు నాన్న మెల్లగా. మామ్మ గంగాళం అంచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఆమె చూస్తున్నది తాబేలును కాదు, నాన్నను. నాన్న తాబేలును తలకిందులుగా పట్టుకుని ఊపితే నోట్లోంచి నీళ్లు కారాయి. తువ్వాల్లో చుట్టి నా ఒళ్లో పెట్టి, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నరసన్నపేటకు తొక్కాడు. దారి పొడవునా నేను స్వామి పేరే జపించాను. ఎవరిని కాపాడమని ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియలేదు.

పశువుల డాక్టరు కృష్ణా జిల్లా మనిషి, కొత్తగా బదిలీ మీద వచ్చాడు. తాబేలు మెడ ముందుకు లాగి, తల కిందికి ఉంచి, ముందు కాళ్లను లోపలికీ బయటికీ ఆడిస్తూ చాలాసేపు నీళ్లు తీశాడు. చివరికి ఒక కాలు దానంతట అది ముడుచుకుంది. నేను ఏడ్చాను. ఆయన బొటనవేలితో డిప్ప నొక్కి చూశాడు. అట్టలా కొద్దిగా లొంగింది. "ఏం పెడుతున్నారమ్మా దీనికి?" అన్నాడు. నేను గొప్పగా ప్రసాదాల పేర్లన్నీ చెప్పాను. ఆయనకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "ఎండ తగులుతుందా?" "లేదండి, గూట్లోనే ఉంటారు స్వామి." "నీళ్లలో దింపింది ఎవరు?" నాన్న తల వంచుకుని, "తాబేలే గదా బాబూ అని..." అన్నాడు. "అన్ని తాబేళ్లూ నీళ్లవి కావు. ఇది మెట్ట తాబేలు. ఈత రాదు. గడ్డి, ముళ్లతుప్పల చిగుళ్లు, రాలిన పూలు తిని ఎండలో తిరిగే జీవి. పాలూ అన్నమూ దీనికి పడవు. ఎండ లేక ఎముక మెత్తబడింది."

చేతులు తుడుచుకుంటూ ఆయన ఇంకొకటి చెప్పాడు. "కోప్పడకండి. దీన్ని ఇంట్లో ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అటవీ శాఖ వాళ్లకు తెలిస్తే కేసు పెట్టొచ్చు."

"ఇది అడివిలోది కాదు బాబూ, మా సేలో దొరికినాది."

"అడవిలో దొరికినా, చేలో దొరికినా, ఎవరైనా ఇచ్చినా, తనే నడిచి మీ ఇంటికి వచ్చినా మీది కాదు."

"మరెవులిది?"

"ఎవరిదీ కాదు. అందుకే దానికి సర్కారు కాపలా" అన్నాడు డాక్టరు. ఫిర్యాదు తను చేయనని, మీరే తీసుకెళ్లి అప్పజెబితే మంచిదని, ఆలోగా పొడి నేల మీద పొద్దుటెండలో ఉంచమని చెప్పి పంపాడు. ఆయన మా మీద కేకలేసి ఉంటే ఏమయ్యేదో. మెత్తగా చెప్పాడు కాబట్టే నాన్న విన్నాడు. తిరిగి వస్తూ సైకిలు తొక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. ఊరు కనబడే చోట ఆగి అన్నాడు. "సిన్నమ్మీ, ఎవులిదీ కానిదాన్ని మనది అనుకున్నాం. దేవుణ్ని దాసుకుందామనుకున్నాం."

ఇంటికి వచ్చాక అసలు యుద్ధం. అప్పజెప్పేద్దామని నాన్న అన్నాడు. మామ్మ గూటికి అడ్డంగా కూర్చుంది. "నువ్వు జైలుకెల్లినా పరవానేదు, నాను తోడొస్తాను. సామి మాత్రం గడప దాటడు" అంది. నాన్న ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, "అమ్మా, నా పేణం ఈ డిప్పలో నేదే. ఇచ్చినోడి సేతిలో ఉన్నాది" అన్నాడు. "ఆయనే ఈయన!" అని అరిచింది మామ్మ. రెండు రోజులు ఆమె తిండి ముట్టలేదు. మధ్యలో అమ్మ ఒక్కతే స్వామిని పొద్దుటెండలో పెట్టి, మందారపూలు తెచ్చి వేసింది. ఏడేళ్లలో మొదటిసారి ఎవరూ నోటి దగ్గర పెట్టకుండా స్వామి తనే మెడ చాచి తిన్నాడు. మామ్మ గూటి పక్క నుంచే అది చూసింది.

మూడో రోజు పొద్దున్నే ఆమె స్వామిని కొంగులో పెట్టుకుని, "ఒసే, నువ్వు రా" అని నన్ను పిలిచి చేలోకి నడిచింది. దొరికిన గట్టు దగ్గరికే వెళ్లింది. నేల మీద దింపి, అలవాటుగా పడమటికి, మా ఇంటి వైపుకు, తిప్పి పెట్టింది. చేతులు జోడించి, "ఇంక నాకు ఎవుల మాటా వద్దు. నువ్వే సెప్పు. ఇంటికొస్తావా, ఎల్లిపోతావా?" అంది. చాలాసేపు డిప్ప కదల్లేదు. తర్వాత తల బయటికి వచ్చింది. మెడ అంత పొడుగు ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. నేల వాసన చూసింది. ముందు కాలు ఒకటి వేసి, మెల్లగా, మెల్లగా తిరిగింది. తూర్పుకు. తుప్పల వైపుకు. రెండు అడుగులు వేసింది. మూడో అడుగుకు వెనక కాళ్లు జారిపోయాయి. పొట్ట నేలకు తగిలింది. మళ్లీ లేవబోయింది, మళ్లీ జారింది. తుప్పలు పదిగజాలు కూడా లేవు. ఆ పదిగజాలూ వెళ్లలేకపోయింది. అయినా మెడ అటే చాపి, కాళ్లతో మట్టిని తవ్వుతూనే ఉంది.

మామ్మ ఆ పక్కనే మట్టిలో బోర్లా పడి సాష్టాంగం చేసింది. "ఓలమ్మో, నడిసొచ్చినోడు నా ఇంట్లో నడక మర్సిపోనాడే" అని ఏడ్చింది. నేను అంతగా ఏడ్చిన పెద్దవాళ్లను మళ్లీ చూడలేదు. లేచి కళ్లు తుడుచుకుని, బొడ్డున దోపుకున్న చుట్టల పొట్లం తీసి చేలోకి విసిరేసింది. "సామి మల్లీ నడిసీదాకా సుట్ట ముట్టను. పద, మీ నాన్నతో సెప్పు. బండి కట్టమను."

అటవీ శాఖ కార్యాలయం పట్నంలో. నాన్న సంచీలో ఒక మార్చుపంచె, తులసిపూసల దండ, చిన్న కీర్తనల పుస్తకం పెట్టుకున్నాడు. లోపలేస్తారని సిద్ధమై వెళ్లాడు. అక్కడి రేంజరు సంచీ చూసి, విషయం విని, "మీరంతట మీరే తెచ్చారు, నేనెందుకు లోపలేస్తానండీ" అని కుర్చీ వేయించాడు. మామ్మ కుర్చీలో కూర్చోలేదు. స్వామిని ఒళ్లో పెట్టుకుని నేల మీదే కూర్చుంది. మనమే తుప్పల్లో వదిలేయకూడదా అని నాన్న అడిగితే, ఇంట్లో ఉన్న జంతువుకు ఏ జబ్బులున్నాయో చూడాలని, ముందు బలం రావాలని, అలా వదిలితే అదీ చస్తుందని, బయటివాటికీ చేటని రేంజరు వివరించాడు. కాగితం రాస్తూ, "పెంచినవారి పేరు?" అన్నాడు. మామ్మ తల ఎత్తింది. "నాను పెంచీదేటి బాబూ? ఆయనే మమ్మల్ని పెంచినాడు." రేంజరు కలం ఆపాడు. ఆ గడి ఖాళీగానే వదిలేశాడు. అది ఇవాళ్టికీ కాగితం మీద ఖాళీగానే ఉంది. కింద ఆమె వేలు సిరాలో అద్ది ముద్ర వేయించాడు. ఆ ముద్రలోని గీతల చుట్లు చూస్తే నాకు స్వామి డిప్పే గుర్తొస్తుంది.

ఆ శనివారం గోష్ఠికి సగం మందే వచ్చారు. వచ్చినవాళ్లలో కూడా ఒకాయన చిడతలు పక్కన పెట్టి, "ఏటి దాసూ, కేసుకి బయపడి సామిని సర్కారోల్లకి ఒప్పజెప్పీసినావంట?" అన్నాడు. నాన్న హార్మోనియం మూసి, "బయపడ్డాను బావా, నిజమే. బయం పడితేనేగానీ బుద్ది రానేదు" అన్నాడు. తర్వాత అన్న మాట నేను మరిచిపోలేదు. "పాలసముద్రంలో పని అయిపోయినాక ఆ కూర్మాన్ని ఎవులైనా కట్టీసుకున్నారా? దేవతలు అమృతం తాగి ఇల్లకెల్లిపోనారు. మోసినోడు తన దారిని తాను పోనాడు. నాకోసం ఏడేల్లు మోసినాడు, ఇంక సాలు." ఆయన ఎన్నో ప్రసంగాలు చేశాడు గానీ, నాకు ధర్మం అంటే ఏమిటో తెలిసింది ఆ మాటతోనే.

ఇప్పటి రోజులతో పోల్చుకుంటే నాకు కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. అప్పుడు మాకు తెలియదు. తెలియజెప్పడానికి ఒక పశువుల డాక్టరు నాలుగు మైళ్ల దూరంలో ఉండటమే మా అదృష్టం. ఇప్పుడు ఫోనులోనే జంతువూ దొరుకుతుంది, ఆ పక్కనే చట్టమూ దొరుకుతుంది. మనుషులు మొదటిదే చదువుతున్నారు. నక్షత్ర తాబేలును పులితో పాటు మొదటి షెడ్యూలులోనే పెట్టారని, ఏళ్లకేళ్లు జైలు ఉంటుందని లావణ్యకు నేను చెప్పేదాకా తెలియదు. మన రామచిలుకను పంజరంలో పెట్టడమూ నేరమేనంటే గోష్ఠిలో పెద్దవాళ్లే నోరు తెరిచారు. విదేశాల పక్షులూ బల్లులూ అయితే కొన్నింటిని సర్కారు దగ్గర నమోదు చేసుకుని ఉంచుకోవచ్చట. మా వీధి చివర ఒక కుర్రాడు అలా కాగితాలు చూపించి రంగురంగుల చిలకను పెంచుకుంటున్నాడు. చట్టం ఆ కాగితం వరకే చూడగలదు. ఆ జీవికి ఏ ఎండ కావాలో, ఏ మట్టి కావాలో చూడవలసింది మనం. చట్టం లేకపోతే మా మామ్మ లాంటి మంచి మనిషి ప్రేమతోనే ఒక ప్రాణాన్ని తీసేసి ఉండేది. అందుకే ఆ చట్టం రాసినవాళ్లెవరో తెలియకపోయినా నా ప్రార్థనలో వాళ్లు ఉన్నారు.

సోమవారం పొద్దున్నే నేనూ, లావణ్యా, ఆమె భర్తా ఆటోలో ఇక్కడి అటవీ కార్యాలయానికి వెళ్లాం. ఆ అబ్బాయి దారంతా చెమటలు కక్కాడు. ఎవరి దగ్గర కొన్నదీ రాసి ఇచ్చాడు. అమ్మినవాణ్ని పట్టుకుంటామన్నారు. కొన్నది కూడా తప్పేనని గట్టిగానే చెప్పారు, పిలిస్తే రావాలని సంతకం పెట్టించుకున్నారు. తాబేలు పిల్ల డిప్ప ఇంకా గట్టిగానే ఉందన్నారు, అది చాలు నాకు. తిరిగి వచ్చేటప్పుడు లావణ్య ఒళ్లో ఖాళీ అట్టపెట్టె, చేతిలో రసీదు. కళ్లు తుడుచుకుంటూ, "మీ మామ్మగారు తర్వాత బాధపడలేదా పెద్దమ్మా? మీ నాన్నగారికి ఏమన్నా అవుతుందని భయపడలేదా?" అని అడిగింది.

భయపడింది. నాన్న దగ్గితే చాలు, లేచి కూర్చునేది. పొలం నుంచి ఆలస్యమైతే వీధిలోకి వచ్చి నిలబడేది. చుట్ట లేక చేతులు ఊరుకోక రోజంతా గోగునార పేనేది. నాన్న మాత్రం బాగానే ఉన్నాడు. తల్లికి కొరివి పెట్టి, నా పెళ్లి చేసి, మనవల చేత దశావతారాలు వల్లె వేయించి, ఎనభై దాటాకే వెళ్లిపోయాడు. అయితే ఆ రోజుల్లో అదంతా ఆమెకు తెలియదు కదా. చేతిలో ఏ ఆధారమూ లేకుండా కొడుకుని దేవుడికి వదిలి కూర్చుంది. నేను చూసిన విశ్వాసాలన్నింటిలో అదే పెద్దది.

వానలు వెళ్లి, గోగు కోసి, చలి తగులుతున్న ఒక మధ్యాహ్నం అటవీ గార్డు సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. వేరే పని మీద ఇటు వచ్చాడట, రేంజరు చెప్పి రమ్మన్నాడట. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, "మామ్మా, మీ సామికి డిప్ప గట్టిపడింది. మొన్ననే కొండ దిగువ తుప్పల్లో ఒగ్గీసినాం. సూస్తుండగానే టకటకా ఎల్లిపోనాడు. ఎనక్కి తిరిగి కూడా సూడనేదు" అన్నాడు.

మామ్మ నార పేనడం ఆపింది. లోపల దేవుడి గది వైపు చూసింది, చేలోంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్న నాన్న వైపు చూసింది. "ఎనక్కి సూడనేదా?" అంది. "నేదు మామ్మా." ఆమె ముఖమంతా నవ్వయింది. "ఒసే సిన్నమ్మీ, బేగి ఎల్లి ఆ కోమటి కొట్లో సుట్ట అట్టుకురా. వచ్చీటప్పుడు పొయ్యిలోంచి నిప్పు తే."

తెచ్చాను. అలవాటుగా పశువులపాక వెనక్కి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. "ఇప్పుడెందుకు మామ్మా అంత దూరం? స్వామి ఇంట్లో లేడు కదా" అన్నాను.

"ఇంట్లో ఉన్నప్పుడు ఆ మూల నుంచే సూసీవోడే. ఇప్పుడు అన్ని ఏపులనుంచీ సూస్తన్నాడు. ఇంక ఎక్కడని దాక్కుంతాను?" అని వెనక్కి వచ్చి, అందరి ఎదురుగా అరుగు మీద తూర్పుముఖంగా కూర్చుని, నిప్పు లోపలికి పెట్టి, కళ్లు మూసుకుంది.